ఆస్టర్ బొమ్మలో మారిన రాళ్ళను పట్టుకోవడం ఎలా: క్యూప్రైట్‌లో సాధన, కడపలో పరీక్ష

"అక్కా, శాటిలైట్‌లో బంగారం కనిపిస్తుందా?" ఎమ్మెస్సీ జియాలజీ ముగించి మా ఆఫీసులో చేరే పిల్లలు తొలివారంలోనే అడిగే ప్రశ్న ఇది. కనిపించదు నాయనా. టన్ను రాతిలో నాలుగైదు గ్రాములున్నా గని నడిచిపోతుంది. ఆ నాలుగైదు గ్రాములను 705 కిలోమీటర్ల ఎత్తునుంచి పట్టే కన్ను ఇంకా పుట్టలేదు. మనకు కనిపించేది, ఆ బంగారాన్నో రాగినో మోసుకొచ్చిన వేడినీళ్ళు దారిలో రాళ్ళను ఏం చేసిపోయాయో అది. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కయోలినైట్ అనే తెల్ల బంకమట్టిగానో, సెరిసైట్ అనే సన్నని మైకాగానో మారుతుంది, బయోటైట్ అనే నల్ల మైకా క్లోరైట్ అనే పచ్చని ఖనిజం అవుతుంది, ఇనుమూ గంధకమూ కలిసిన పైరైట్ ఎండకూ వానకూ తుప్పుపట్టి ఎర్రగా, పసుప్పచ్చగా పైకి తేలుతుంది. దీన్నే ఆల్టరేషన్ అంటాం. ఇంగువ పోపు వంటింట్లో పెడితే వాసన వీధి గుమ్మం దాకా వచ్చినట్టు, ఖనిజం ఉన్న చోటు కొన్ని వందల మీటర్లే అయినా చుట్టూ మారిన రాయి కిలోమీటర్ల మేర పాకి ఉంటుంది. ఉపగ్రహం పట్టేది ఆ వాసననే.

మాది అనంతపురం. పని హైదరాబాద్‌లో, ఖనిజాన్వేషణ కంపెనీలకు పటాలు చేసిపెట్టే చిన్న కన్సల్టెన్సీలో. ఆస్టర్ అనే ఉపగ్రహ పరికరం తీసిన బొమ్మల్లో మారిన రాళ్ళను వెతకడం కొత్తగా వచ్చినవాళ్ళకు నేను కూర్చోబెట్టి నేర్పే వరుసనే ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట: రంగుల బొమ్మ తయారుచేయడం ఒక్క మధ్యాహ్నం పని. అందులో ఏ రంగు నిజం, ఏ రంగు అబద్ధం అని తేల్చడమే అసలు ఉద్యోగం. అందుకే ఫార్ములాలను తొందరగా దాటేసి, ఆ తేల్చే పని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

జవాబు తెలిసిన చోట మొదలుపెట్టండి

సాధనకు నేను అందరినీ పంపేది అమెరికాలోని నెవాడాకు, క్యూప్రైట్ కొండలకు. బొమ్మలోనే లెండి, వీసా అక్కర్లేదు. గోల్డ్‌ఫీల్డ్ అనే పాత గని ఊరికి దక్షిణంగా, యూఎస్-95 హైవేకి రెండు పక్కలా ఉంటాయి ఆ కొండలు. చెట్టూ చేమా దాదాపు లేని ఎడారి. అక్కడి రాళ్ళను వేడినీళ్ళు ఎలా మార్చాయో 1980లోనే ఆష్లీ, అబ్రమ్స్ పటం గీసి ప్రచురించారు. నడుమ సిలికాతో గట్టిపడిన భాగం, దాని చుట్టూ ఓపలైన్ సిలికా, అలునైట్ అనే సల్ఫేట్ ఖనిజం, కయోలినైట్ ఉన్న భాగం, అంచుల్లో బంకమట్టి ఖనిజాల భాగం. అప్పటినుంచి కొత్త సెన్సర్ ఏది వచ్చినా ముందు ఆ కొండల మీదే పరీక్ష పెడతారు. 1980ల్లో విమానంలో ఎగరేసిన స్పెక్ట్రోమీటర్ అక్కడ బడింగ్టనైట్ అనే అమ్మోనియం ఫెల్డ్‌స్పార్‌ను పట్టింది. ఆ నేలమీద తిరిగినవాళ్ళకు అది అంతకుముందు కంటికి ఆనలేదు.

తమాషా ఏమిటంటే క్యూప్రైట్‌కు గనిగా పెద్ద పేరేమీ లేదు. బంగారం దొరికింది పక్కనున్న గోల్డ్‌ఫీల్డ్‌లో, 1902లో. ఇంత చక్కని ఆల్టరేషన్ ఉన్నంత మాత్రాన కింద ఖనిజం ఉండితీరాలని లేదనే సంగతి మీకు మొదటి రోజే కంటిముందు ఉంటుంది. క్లయింటుకు ఎర్ర చుక్కలు చూపించి ఉత్సాహపడేముందు ఇది గుర్తుచేసుకోండి.

డేటా: ఆస్టర్ ఎందుకు, అదీ పాతది ఎందుకు

ఆస్టర్ జపాన్ వాళ్ళు చేసిన పరికరం. నాసా వారి టెర్రా ఉపగ్రహం మీద 1999 డిసెంబర్ 18న పైకి వెళ్ళింది. దానికి మూడు కళ్ళు. ఒక్కో కన్ను వెలుగును తరంగదైర్ఘ్యం ప్రకారం ముక్కలుగా, అంటే బ్యాండ్లుగా, విడదీసి చూస్తుంది. కంటికి కనిపించే వెలుగు, దాని పక్కనే ఉన్న పరారుణం కలిపి 3 బ్యాండ్లు, 15 మీటర్ల పిక్సెల్. షార్ట్‌వేవ్ పరారుణంలో 6 బ్యాండ్లు, 30 మీటర్లు. వేడిని చూసే థర్మల్‌లో 5 బ్యాండ్లు, 90 మీటర్లు. ఒక సీను, అంటే ఒకసారి తీసిన బొమ్మ, వెడల్పు 60 కిలోమీటర్లు.

మన బతుకంతా ఆ నడిమి ఆరింటి మీదే. బ్యాండ్ 4 దాదాపు 1.65 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది. బ్యాండ్ 5 సుమారు 2.165, బ్యాండ్ 6 సుమారు 2.205, బ్యాండ్ 7 సుమారు 2.26, బ్యాండ్ 8 సుమారు 2.33, బ్యాండ్ 9 సుమారు 2.40. ఈ ఆరు అంకెలూ కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించుకోండి. మిగతా అంతా వీటిలోంచే వస్తుంది.

ల్యాండ్‌శాట్‌లో ఈ 2.1 నుంచి 2.4 వరకూ ఉన్న మేరకంతా ఒక్కటే బ్యాండ్. అది కూడా మనవాళ్ళు అడిగితే వచ్చిందే. ల్యాండ్‌శాట్-4 డిజైన్ దాదాపు ఖరారైన తర్వాత జియాలజిస్టులు పట్టుబట్టి చేర్పించుకున్న బ్యాండ్ అది. అందుకే థర్మల్ బ్యాండుకు 6వ నంబరుండగా, దానికంటే చిన్న తరంగదైర్ఘ్యం ఉన్న దీనికి 7 వచ్చింది. ల్యాండ్‌శాట్-8లో, సెంటినెల్-2లో కూడా కథ అంతే: 1.6 దగ్గర ఒకటి, 2.2 దగ్గర ఒకటి. "ఇక్కడేదో హైడ్రాక్సిల్ ఖనిజం (ఆక్సిజన్, హైడ్రోజన్ జత ఉన్నది) ఉంది" అని చెప్పగలవు. కయోలినైటా, సెరిసైటా అంటే నోరు మూసుకుంటాయి. ఆస్టర్ అక్కడే పనికొస్తుంది.

ఒక చిక్కు. 2008 ఏప్రిల్ నుంచి ఆస్టర్ షార్ట్‌వేవ్ డిటెక్టర్ వేడెక్కి పనికిరాకుండా పోయింది. ఆ తర్వాతి సీన్లలో ఆ ఆరు బ్యాండ్లూ ఉండవు, ఉన్నా నమ్మకూడదు. కాబట్టి వెతికేటప్పుడు తేదీల గడిలో 2000 నుంచి 2008 మార్చి వరకే పెట్టండి. పాత డేటా అని మొహం మాడ్చుకోనవసరం లేదు. కొండలు ఎక్కడికీ పోలేదు. పైగా కొత్తగా తవ్విన క్వారీలు, వేసిన లేఅవుట్లు ఆ బొమ్మల్లో ఉండవు కాబట్టి ఒక్కోసారి పాతదే మేలు. 2016 ఏప్రిల్ నుంచి మొత్తం ఉచితం.

సీను ఎంచుకోవడం, దింపుకోవడం

నాసా ఎర్త్‌డేటాలో లాగిన్ చేసుకోండి, పైసా అక్కర్లేదు. అక్కడ ఆస్టర్ సర్ఫేస్ రిఫ్లెక్టెన్స్ (నేల ఎంత వెలుగును తిప్పి పంపిందో చెప్పేది) అని, పేరు చివర "ఎక్స్‌టీ" అని ఉన్న ఉత్పత్తిని తీసుకోవాలి. ఆ ఎక్స్‌టీ రెండక్షరాలు తప్పనిసరి. బ్యాండ్ 4కు రావలసిన వెలుగు పరికరం లోపల కొంత చింది బ్యాండ్ 5, 9 డిటెక్టర్ల మీద పడుతుంది. దాన్ని సరిచేయకపోతే బ్యాండ్ 5 ఉండాల్సినదానికంటే ప్రకాశంగా వస్తుంది, అప్పుడు అలునైట్ గుర్తు మాసిపోతుంది. ఎక్స్‌టీలో ఆ దిద్దుబాటు చేసి ఉంటుంది.

నెవాడాకైతే వేసవి సీను తీసుకోండి. సూర్యుడు నెత్తిమీద ఉంటాడు, కొండనీడలు తక్కువ. రాయలసీమకైతే మార్చి, ఏప్రిల్. పంట కోతలైపోయి ఉంటాయి, కంపచెట్లు తప్ప పచ్చదనం సన్నగిల్లుతుంది. వాన పడిన రెండు మూడు రోజుల్లో తీసిన సీను జోలికి పోవద్దు. తడి నేల షార్ట్‌వేవ్‌ను మింగేసి బొమ్మంతా నల్లబారుతుంది. థంబ్‌నెయిల్ చూసి మబ్బు లేదనుకోకండి. పూర్తి బొమ్మలో పలచని తెల్లమబ్బు నీడ కొండమీద పడి ఉందేమో చూసుకోండి.

పటం కన్నా ముందు చేయాల్సిన చాకిరీ

సాఫ్ట్‌వేర్ ఎన్వీ ఉంటే సుఖమే. లేకపోతే క్యూజీఐఎస్ చాలు, అందులో సెమీ ఆటోమేటిక్ క్లాసిఫికేషన్ ప్లగిన్ ఎక్కించుకోండి. నేను చెప్పేవన్నీ వాటితోనే అయిపోతాయి.

రిఫ్లెక్టెన్స్ ఫైల్లో అంకెలు 312, 418 అని పూర్ణసంఖ్యల్లో ఉంటాయి. 0.001తో హెచ్చవేస్తే 0.312, 0.418 అవుతాయి. నిష్పత్తులకు ఇది లేకపోయినా పరవాలేదు కానీ, తెలిసిన ఖనిజాల లైబ్రరీ వర్ణపటంతో (ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుగు తిరిగొస్తుందో చూపే గ్రాఫ్) పోల్చేటప్పుడు కావాలి. 15 మీటర్ల బ్యాండ్లను 30 మీటర్లకు దించండి. 30ని 15కు ఎక్కించకండి. పిక్సెల్‌ను నాలుగు ముక్కలు చేసినంత మాత్రాన అందులో లేని సమాచారం పుట్టదు.

తర్వాత 15 మీటర్లదీ 30 మీటర్లదీ, రెండు కళ్ళూ ఒకే చోటును చూస్తున్నాయా అని సరిచూడాలి. క్యూప్రైట్‌లో దీనికి హైవే ఉంది. బ్యాండ్ 3, బ్యాండ్ 4 ఒకదాని మీద ఒకటి పెట్టి ఆన్, ఆఫ్ చేయండి. రోడ్డు కదిలినట్టు కనిపిస్తే ఒక పిక్సెల్ జరిగిందన్నమాట. సరిచేయకుండా నిష్పత్తి తీస్తే ప్రతి గుట్ట అంచునా ఒక తళతళలాడే గీత వస్తుంది, అది మీ ఊహల్లో ఫాల్ట్ జోన్ అయి కూర్చుంటుంది.

చివరగా ముసుగులు. నీళ్ళు, మబ్బులు, గాఢనీడలు, పచ్చదనం తీసెయ్యాలి. పచ్చదనానికి ఎన్‌డీవీఐ: బ్యాండ్ 3లోంచి 2 తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించండి. ఎంత దాటితే తీసెయ్యాలి అని అందరూ ఒక అంకె అడుగుతారు. సార్వత్రికమైన అంకె లేదు. హిస్టోగ్రామ్ తెరిచి, తెలిసిన ఒక తోట, తెలిసిన ఒక బోడిగుట్ట క్లిక్ చేసి, మధ్యలో గీత గీయండి. పచ్చ ఆకుల్లోని నీరు 2.2 వైపు వెలుగును బాగా మింగుతుంది కాబట్టి ముసుగు వేయకపోతే మామిడితోట మొత్తం బంకమట్టిలా వెలిగిపోతుంది.

ఒక పిక్సెల్‌ను పట్టుకుని చూడండి

నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఇది దాటకుండా నిష్పత్తి పటం వేస్తే ఒప్పుకోను. పిక్సెల్ క్లిక్ చేసి ఆ ఆరు అంకెల గ్రాఫ్ చూడాలి.

అల్యూమినియం, హైడ్రాక్సిల్ జతకట్టిన ఖనిజాలు 2.2 మైక్రాన్ల దగ్గర వెలుగును మింగుతాయి, గ్రాఫ్‌లో అక్కడ గుంట పడుతుంది. సెరిసైట్‌కు 2.20 దగ్గర ఒక్క గుంట, అంటే ఆస్టర్ బ్యాండ్ 6లో. కయోలినైట్‌కు 2.16, 2.20 దగ్గర జంట గుంటలు, అంటే 5, 6 రెండూ దిగుతాయి. అలునైట్ గుంట 2.17 దగ్గర, అంటే బ్యాండ్ 5 అన్నిటికంటే కిందికి పోతుంది. క్లోరైట్, ఎపిడోట్, కాల్సైట్, డోలమైట్ అన్నీ 2.32 నుంచి 2.35 మధ్య, బ్యాండ్ 8లో దిగుతాయి.

లెక్క అర్థం కావడానికి ఉత్తుత్తి అంకెలతో మూడు పిక్సెళ్ళు అనుకుందాం. మూడింటికీ బ్యాండ్ 4 విలువ 0.42. సెరిసైట్ పిక్సెల్‌లో 5, 6, 7 వరుసగా 0.35, 0.29, 0.35. కయోలినైట్‌లో 0.31, 0.29, 0.36. అలునైట్‌లో 0.27, 0.30, 0.36. ఇప్పుడు సెరిసైట్ కోసం వాడే నిష్పత్తి, 5నూ 7నూ కూడి 6తో భాగించేది, వేయండి. సెరిసైట్‌కు 2.41, కయోలినైట్‌కు 2.31, అలునైట్‌కు 2.10. ఆర్జిలిక్ (బంకమట్టి ఖనిజాలుగా మారిన) భాగానికి వాడే నిష్పత్తి, 4నూ 6నూ కూడి 5తో భాగించేది, వేస్తే అలునైట్‌కు 2.67, కయోలినైట్‌కు 2.29, సెరిసైట్‌కు 2.03.

చూశారా, మొదటి నిష్పత్తిలో సెరిసైట్‌కూ కయోలినైట్‌కూ తేడా 0.10 మాత్రమే. కాస్త నీడ, కాస్త ఎండుగడ్డి పడితే ఆ తేడా ఎగిరిపోతుంది. అందుకే ఒక్క నిష్పత్తి చూసి ఖనిజం పేరు పలకొద్దంటాను. మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ అయితే సెరిసైట్ వైపు మొగ్గండి. రెండోది బాగా ఎక్కువైతే అలునైట్ వైపు. అటూ ఇటూ కాకుండా నడుమ ఉంటే కయోలినైట్ కావచ్చు, కలగలుపూ కావచ్చు.

నిష్పత్తులు, గీత ఎక్కడ గీయాలి

పై రెండింటికి తోడు ఇంకో మూడు చాలు. 7నూ 9నూ కూడి 8తో భాగిస్తే క్లోరైట్, ఎపిడోట్, కార్బొనేట్లు (కాల్సైట్, డోలమైట్ లాంటివి) ఉన్న వెలుపలి అంచు తేలుతుంది, దాన్నే ప్రొపిలిటిక్ అంటాం. 2ను 1తో భాగిస్తే ఎర్ర ఇనుపతుప్పు. 4ను 6తో భాగిస్తే మొత్తంమీద అల్యూమినియం హైడ్రాక్సిల్ ఖనిజాలు. సెరిసైట్ నిష్పత్తిని ఎరుపులో, ఆర్జిలిక్‌ను పచ్చలో, ప్రొపిలిటిక్‌ను నీలంలో పెట్టి ఒక బొమ్మ చేసుకోండి. పార్ఫిరీ రాగి (అగ్నిశిల నిండా చెదురుగా పరుచుకున్న రాగి) ఉన్న ప్రాంతాల్లో 1970లో లోవెల్, గిల్బర్ట్ అరిజోనాలోని శాన్ మాన్యుయెల్–కాలమజూ నిక్షేపం నుంచి గీసిన నమూనా ఇక్కడ పనికొస్తుంది. నడుమ పొటాసిక్ (పొటాషియం చేరి మారిన రాయి), చుట్టూ సెరిసైట్ పొర, బయట ప్రొపిలిటిక్. రంగులు గుండ్రంగా ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటే ఆగి చూడండి. పొలాల గట్ల ఆకారంలో, రోడ్డు వెంబడి, ఏటి పాయ వెంబడి ఉంటే ముందుకు నడవండి.

నిష్పత్తి ఎంత దాటితే మారిన రాయి అనుకోవాలి, గీత ఎక్కడ గీయాలనేదానికి చాలామంది సగటుకు రెండు ప్రామాణిక విచలనాలు కలుపుతారు. మొదలుపెట్టడానికి సరే. కానీ సీన్లో సగం ఆల్టరేషనే ఉంటే సగటే పెరిగిపోయి అసలు మారిన రాళ్ళ భాగమే గీత కింద పడుతుంది. తెలిసిన మారిన రాయి మీద కొన్ని పిక్సెళ్ళు, తెలిసిన తాజా రాయి మీద కొన్ని తీసుకుని మధ్యలో గీయడం మేలు.

మెరిసేదంతా

క్యూప్రైట్ సీన్లో దగ్గరలోనే స్టోన్‌వాల్ ప్లాయా అనే ఎండిపోయిన సరస్సు తెల్లగా పరుచుకుని ఉంటుంది. అడుగున బంకమట్టి. అల్యూమినియం హైడ్రాక్సిల్ నిష్పత్తి వేసినప్పుడు అదీ పైకి తేలడానికి చూస్తుంది. వేడినీళ్ళకూ ఆ మట్టికీ సంబంధం లేదు, వానలు కొండలమీద నుంచి కడిగి తెచ్చి పోసినది. దీన్ని తీసెయ్యడానికి ఎత్తుల నమూనా తెచ్చుకుని వాలు లెక్కగట్టండి. రెండు మూడు డిగ్రీలకంటే చదునుగా ఉన్న చోట్లను వేరే రంగులో పెట్టండి. పూర్తిగా చెరిపేయొద్దు, ఎందుకంటే కొండ పాదాన విసనకర్రలా పరుచుకున్న రాళ్ళ దిబ్బల్లో మారిన రాయి ముక్కలుంటే అవి పై కొండ గుట్టు చెబుతాయి. ఆ విసనకర్ర ఎటు సన్నబడుతుందో చూసి పైకి వెళ్ళండి.

ఇంకో మోసం దీనికి తలకిందులు. మారిన రాళ్ళ భాగం నడిబొడ్డున బొమ్మ నల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. "ఇక్కడేమీ లేదు మేడమ్" అంటారు. అక్కడ ఉన్నది సిలికా. క్వార్ట్జ్‌కు షార్ట్‌వేవ్‌లో గుంటలే లేవు, అది అక్కడ మూగది. గోల్డ్‌ఫీల్డ్‌లో బంగారం ఉన్నదే సిలికాతో గట్టిపడిన, లెడ్జ్‌లని పిలిచే పట్టీల్లో. కాబట్టి థర్మల్ బ్యాండ్లు తీసి నినోమియా క్వార్ట్జ్ సూచిక వెయ్యండి: బ్యాండ్ 11ను దానితోనే హెచ్చవేసి, 10, 12ల లబ్ధంతో భాగించడం. 90 మీటర్ల పిక్సెల్ కాబట్టి మోటుగా ఉంటుంది, అయినా అలునైట్ వలయం నడుమ ఉన్న "ఖాళీ"లో ఈ సూచిక పెరిగితే నేలమీద వెళ్ళి చూడాల్సిన చోట్ల పట్టికలో దానికి మొదటి వరుస ఇస్తాను.

ల్యాండ్‌శాటే దిక్కైతే

ఆస్టర్ సీను మబ్బులతో పాడైన చోట్లు ఉంటాయి. అప్పుడు క్రోస్టా పద్ధతి. ల్యాండ్‌శాట్-8 బ్యాండ్లు 2, 5, 6, 7 నాలుగింటికే ప్రిన్సిపల్ కాంపొనెంట్ విశ్లేషణ (బ్యాండ్లను కలగలిపి, ఒకదానితో ఒకటి పోలని కొత్త బొమ్మలుగా విడదీసే లెక్క) చేయండి, అన్ని బ్యాండ్లూ పడెయ్యొద్దు. ఏ కాంపొనెంట్‌లో ఏ బ్యాండు వాటా ఎంతో చెప్పే ఐగెన్‌వెక్టర్ పట్టిక వస్తుంది, అందులో 6, 7 రెండూ పెద్ద విలువలతో, ఎదురెదురు గుర్తులతో ఉన్న కాంపొనెంట్ వెతకండి. చాలాసార్లు నాలుగోది, అప్పుడప్పుడు మూడోది. 6కు ప్లస్, 7కు మైనస్ ఉంటే మారిన రాయి ప్రకాశంగా వస్తుంది. తిరగబడి ఉంటే బొమ్మను మైనస్ ఒకటితో హెచ్చవేయండి. ఇనుపతుప్పుకు 2, 4, 5, 6 తీసుకుని, 2కూ 4కూ మధ్య అదే ఎదురు చూడాలి. సాఫ్ట్‌వేర్ "నాలుగో కాంపొనెంట్ అంటే హైడ్రాక్సిల్" అని ఎక్కడా చెప్పదు, పట్టిక మీరే చదవాలి. పట్టిక జతచేయకుండా ఎవరైనా పీసీ-4 (నాలుగో కాంపొనెంట్) పటం పంపిస్తే నేను తిప్పి పంపేస్తాను.

స్పెక్ట్రల్ యాంగిల్ మ్యాపర్ గురించి ఒక్క ముక్క. పిక్సెల్ వర్ణపటం తెలిసిన ఖనిజం వర్ణపటానికి ఎంత దగ్గరో కోణంతో కొలిచే పద్ధతి ఇది. అమెరికా జియలాజికల్ సర్వే వర్ణపట లైబ్రరీ ఏడో వెర్షన్‌లో ఖనిజాల వర్ణపటాలను ఆస్టర్ బ్యాండ్లకు సరిపోయేలా ముందే కుదించి పెట్టారు. వాటినే వాడండి. కోణం 0.1 రేడియన్ దగ్గర మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి. ఈ పద్ధతి వర్ణపటం ఆకారాన్ని చూస్తుంది, ప్రకాశాన్ని పట్టించుకోదు, కాబట్టి కొండ నీడవైపు కాస్త మేలు.

ఇప్పుడు మన నేల మీదికి

నెవాడాలో చేయి తిరిగాక కడప సీను తెరిస్తే బొమ్మంతా జాతరలా ఉంటుంది. నల్లరేగడిలోని స్మెక్టైట్ అనే బంకమట్టికి 2.2 దగ్గర గుంట ఉంది. ఎర్రనేలలో కయోలినైట్, ఇనుపతుప్పు రెండూ ఉన్నాయి, ఏ వేడినీళ్ళూ తాకకుండానే, వాతావరణం చేసిన పని అది. ఎండు బోదగడ్డిలోని సెల్యులోజ్ 2.1 దగ్గర, 2.3 దగ్గర తన వంతు గుంటలు పెడుతుంది, ఎన్‌డీవీఐ దాన్ని పట్టలేదు. ఇటుక బట్టీలు, ఎండిన చెరువులు సరే సరి. తాడిపత్రి, బేతంచెర్ల పక్కన నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలు పారబోసిన తెల్లటి స్లర్రీ దిబ్బలు కార్బొనేట్ నిష్పత్తిలో దీపాల్లా వెలుగుతాయి. ఆ ఊళ్ళ మీదుగా బస్సులో వెళ్ళినవాళ్ళకు కిటికీలోంచి కనిపించేవే అవి. ఊరెరిగినవాళ్ళు ఒకరు పక్కన కూర్చుంటే సగం తప్పుడు చుక్కలు అక్కడికక్కడే పోతాయి.

నేర్పడానికి నేను తీసుకునేది పులివెందుల వైపు. వేంపల్లె డోలమైట్‌లోకి డోలరైట్ అనే నల్లని అగ్నిశిల సిల్లులు (పొరల నడుమ పలకల్లా గడ్డకట్టినవి) చొచ్చుకొచ్చాయి. ఆ రెండూ తగిలిన చోట డోలమైట్ మారి సర్పెంటైన్, క్రిసోటైల్ ఆస్బెస్టాస్, బలపం రాయి పుట్టాయి. పలక మీద రాసిన ఆ బలపమే, అందులో ఉన్నది టాల్క్. ఆల్టరేషన్‌కు ఇంతకంటే సొంత ఉదాహరణ మనకేం కావాలి? కానీ 7, 9, 8 నిష్పత్తి వేయగానే వేంపల్లె పట్టీ మొత్తం ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెలిగిపోతుంది. డోలమైట్ గుంట 2.32 దగ్గర, సర్పెంటైన్‌దీ 2.32 దగ్గరే, టాల్క్‌ది 2.31. ఆస్టర్ బ్యాండ్ 8 మూడింటినీ ఒకే గంప కింద కప్పేస్తుంది.

దీనికి నేను చేసేది తీసివేత. థర్మల్‌లో బ్యాండ్ 13ను 14తో భాగిస్తే కార్బొనేట్ సూచిక. డోలమైట్ మీద ఇది ఎక్కువ, టాల్క్, సర్పెంటైన్ మీద తక్కువ. బ్యాండ్ 8 నిష్పత్తి ఎక్కువగా ఉండి కార్బొనేట్ సూచిక పడిపోయిన పిక్సెళ్ళు మాత్రం ఉంచుకుంటాను. వాటిలోనూ డోలరైట్ సిల్లు అంచుకు ఒకటి రెండు పిక్సెళ్ళ దూరంలో ఉన్నవే. డోలరైట్‌ను మామూలు రంగుల బొమ్మలోనే, నల్లని గట్టులా గీసుకోవచ్చు. ఇంకా తేల్చుకోవాలంటే 2022లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద అమర్చిన ఎమిట్ అనే పరికరం ఉంది, 285 బ్యాండ్లు, 60 మీటర్ల పిక్సెల్. 2.31నూ 2.32నూ విడదీసి చూడగలిగేంత సన్నని బ్యాండ్లు. మీ చోటు మీదుగా సీను ఉందో లేదో ముందు చూసుకోండి.

కొన్ని చోట్ల ఈ విద్య పారదు, ముందే చెప్పేస్తాను. మంగంపేట ముగ్గురాయిలో హైడ్రాక్సిల్ లేదు కాబట్టి బెరైటీస్‌కు షార్ట్‌వేవ్‌లో గుర్తే లేదు, పెద్ద నిక్షేపమైనా సరే. మా ఉమ్మడి అనంతపురం జిల్లాలోని రామగిరి బెల్టు లాంటి చోట్ల బంగారపు రీఫు (బంగారం ఉన్న రాతి పట్టీ) పక్కన సెరిసైట్, కార్బొనేట్ పట్టీ కొన్ని మీటర్ల వెడల్పే ఉండొచ్చు. 5 మీటర్ల పట్టీ 30 మీటర్ల పిక్సెల్‌ను అడ్డంగా దాటితే పిక్సెల్‌లో దాని వాటా ఆరోవంతు. మిగతా అయిదు వంతులూ షిస్టు, మట్టి, వేరుశనగ చేను. అక్కడ ఆస్టర్‌ను బెల్టు హద్దులకు, షియర్ జోన్ల (రాళ్ళు ఒరుసుకుని నలిగిన పట్టీల) దిశకు వాడుకోండి, రీఫును వెతకమని అడగొద్దు.

సుత్తి పట్టుకుని

మీ పట్టికలో మిగిలిన చోట్లకు వెళ్ళాలి. ఉపగ్రహం చూసేది రాతి పైపొరను, అదీ వెంట్రుకవాసి మందం కూడా కాదు. అందుకని సుత్తితో పగలగొట్టిన తాజా ముఖంతో పాటు, ఎండకెండిన పైముఖాన్ని కూడా చెక్కుగా తీసి, ఏది ఆకాశం వైపు ఉందో మార్కర్‌తో బాణం గీసి సంచిలో వేయండి. మన కాలేజీల్లో తాజా ముఖమే తేవాలని నేర్పుతారు. పెట్రాలజీకి అది సరి, ఈ పనికి రెండూ కావాలి. పిక్సెల్ నాలుగు మూలలూ జీపీఎస్‌లో పెట్టుకుని ఆ 30 మీటర్ల చదరంలో నడవండి. ఎంత రాయి, ఎంత మట్టి, ఎంత గడ్డి అని కంటి అంచనాతో వంతులు రాయండి. మధ్యలో నిలబడి నాలుగు దిక్కులా ఫొటోలు, కాళ్ళకింద నేలది ఒకటి. చేతిసంచిలో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా: కాల్సైట్ అయితే వెంటనే పొంగుతుంది, డోలమైట్ అయితే పొడి చేసి వేస్తేనే. కయోలినైట్ నాలుకకు అంటుకుంటుందని మా మాస్టార్లు చేసి చూపేవారు. పులివెందుల గుట్టల్లో మాత్రం ఆ పని చేయకండి. ఆస్బెస్టాస్ నార కనిపించిన చోట సుత్తి వేయకండి, మూతికి మంచి మాస్కు లేకుండా పాత గుంటల్లోకి దిగకండి.

తెచ్చిన నమూనాలను ఖనిజం ఏదో తేల్చే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్షకు పంపండి. యూనివర్సిటీలో ఎవరి దగ్గరైనా చేతిలో పట్టుకునే స్పెక్ట్రోమీటర్ ఉంటే ఇంకా మంచిది, ఆ వర్ణపటాన్ని ఆస్టర్ బ్యాండ్లకు కుదించి మీ పిక్సెల్ గ్రాఫ్ మీద పెట్టి చూడొచ్చు. రెండూ కలవకపోతే పిక్సెల్‌ది తప్పనుకోకుండా, మీ నోట్‌బుక్‌లో గడ్డి వంతు ఎంత రాశారో ఒకసారి తిరగేయండి.

చివరి పట్టికలో నేను పెట్టించే వరుసలు: చోటు నంబరు, మధ్య అక్షాంశ రేఖాంశాలు, ఏయే నిష్పత్తులు గీత దాటాయి, వాలు, రాతి రకం, దగ్గరి ఫాల్టు దూరం, నేలమీద కనిపించినది, ప్రయోగశాల ఫలితం. ఆ చివరన "ఎందుకు కొట్టేశాం" అని ఇంకో గడి. ప్లాయా, స్లర్రీ దిబ్బ, ఇటుక బట్టీ, ఎండుగడ్డి, ఏదైతే అది రాయండి, ఖాళీగా వదలొద్దు. పక్క సీను చేసే మనిషి మొదట తెరిచేది ఆ గడినే.